సీఎన్‌సీ మిషన్‌లో యాక్సిస్ పట్టేస్తోందా? ఎక్కడ విప్పాలి, ఏ వరసలో బిగించాలి

కంప్యూటర్ ఇచ్చిన డిజైన్ ప్రకారం చెక్క కోసే సీఎన్‌సీ మిషన్ గురించి బొబ్బిలి నుంచి అడిగినా, రాజాం నుంచి అడిగినా, సోంపేట నుంచి అడిగినా ప్రశ్న ఒక్కటే. "మిషన్ బాగానే కోస్తోంది. ఒకచోటికి రాగానే గుర్రుమని ఆగుతోంది. అక్కడినుంచి డిజైన్ మొత్తం పక్కకి జరిగిపోతోంది. ఇంకా పెద్ద మోటార్ వేయమంటారా?"

వద్దు. ముందు మోటార్‌ని పక్కన పెట్టి, అది తిప్పాల్సిన భాగాలు చేత్తో తిరుగుతున్నాయో లేదో చూడండి. ఇంట్లో వాడే చిన్న మిషన్లలో యాక్సిస్, అంటే మిషన్ కదిలే మూడు దిశల్లో ఏదో ఒకటి, పట్టేయడానికి నేను చూసిన కారణాల్లో ఎక్కువ భాగం బోల్టులు బిగించిన వరసలోనే ఉన్నాయి. పట్టేసిన యాక్సిస్‌ని పెద్ద మోటార్‌తో బలవంతంగా నడిపిస్తే నట్టు అరుగుతుంది, రాడ్ల మీద గీతలు పడతాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 3018 తరహా మిషన్ల గురించి: అల్యూమినియం ఫ్రేము, 10 మి.మీ. గుండ్రటి రాడ్లు, టీ8 లీడ్ స్క్రూలు (మోటార్ తిప్పే పొడవాటి మరల కడ్డీలు; వాటి మీది నట్టు, కదిలే భాగమైన క్యారేజీని జరుపుతుంది), నెమా 17 మోటార్లు (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే స్టెప్పర్ మోటార్లు), జీఆర్‌బీఎల్ కంట్రోలర్ (మోటార్లకి ఆదేశాలిచ్చే బోర్డు). రైళ్లు (రాడ్ల బదులు పట్టాలు), బాల్ స్క్రూలు (నట్టులో బంతులు దొర్లే స్క్రూలు) ఉన్న పెద్ద మిషన్ అయితే పద్ధతి అదే. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవలసినవి:

- అలెన్ కీల సెట్టు, 1.5 నుంచి 5 మి.మీ. వరకు
- వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, మూలమట్టం
- మల్టీమీటర్
- సన్నని పర్మనెంట్ మార్కర్, కాగితం టేపు
- పాత టూత్‌బ్రష్, పోగులు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- కుట్టు మిషన్ నూనె, కొంచెం తెల్ల లిథియం గ్రీజు
- ప్రయాణానికి ముందు సంచి బరువు చూసుకునే చేతి తూకం
- నున్నటి గ్రానైట్ ముక్క

గ్రానైట్ ముక్క సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్రేము మెలిక తిరిగిందో లేదో తేల్చాలంటే చదునైన ఆధారం ఒకటి కావాలి, చెక్క బల్ల ఆ పనికి పనికిరాదు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ పాలిష్ పట్టే చోట్ల మిగిలిపోయిన ముక్కలు అడిగితే దొరుకుతాయి. ఫ్రేము నాలుగు మూలలూ ఆనేంత పెద్దది చూసుకోండి. తెచ్చుకునే ముందు స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి, దాని కింద నుంచి వెలుతురు ఎక్కడైనా కనిపిస్తోందేమో చూడండి.

జాగ్రత్తలు నాలుగే, కానీ నాలుగూ తప్పనిసరి. స్పిండిల్‌కి (బిట్‌ని తిప్పే మోటార్‌కి) వెళ్లే కరెంటు వైరు ఊడదీసి, కోసే బిట్ తీసేయండి. మెయిన్ ప్లగ్ గోడ నుంచి లాగేసి, బోర్డు మీద లైటు పూర్తిగా ఆరేవరకు ఆగండి. కరెంటు ఉండగా మోటార్ ప్లగ్ పీకడం గానీ పెట్టడం గానీ చేయొద్దు, డ్రైవర్ (బోర్డు మీద మోటార్‌కి కరెంటు పంపే భాగం) అక్కడికక్కడే కాలిపోవచ్చు. కరెంటు లేనప్పుడు కూడా క్యారేజీని చేత్తో వేగంగా తోయకండి. తిరిగే స్టెప్పర్ మోటార్ జనరేటర్‌లా కరెంటు పుట్టించి వెనక్కి డ్రైవర్‌లోకి పంపుతుంది.

విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీయండి. వైర్ల రంగులు కనపడేలా తీయండి.

2. తప్పు మిషన్‌దా, కరెంటుదా?

ఇది తేలకుండా ఒక్క బోల్టు కూడా ముట్టుకోవద్దు. మూడు పరీక్షలతో తేలిపోతుంది.

గీత పరీక్ష: మోటార్ షాఫ్టు, కప్లింగ్ (షాఫ్టునీ స్క్రూనీ కలిపే ముక్క), లీడ్ స్క్రూ మూడింటి మీదుగా మార్కర్‌తో ఒకే నిలువు గీత గీయండి. మిషన్‌ని తప్పు చేసేదాకా నడపండి. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే కప్లింగ్ స్క్రూ వదులైంది. ఇది పట్టేయడం కాదు, జారడం. గీత చెక్కుచెదరకుండా ఉండి డిజైన్ మాత్రం పక్కకి జరిగి ఉంటే మోటార్ స్టెప్పులు మిస్సయింది.

చేతి పరీక్ష: కరెంటు పూర్తిగా తీసేసి, లీడ్ స్క్రూని వేళ్లతో మెల్లగా తిప్పుతూ క్యారేజీని ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడపండి. మోటార్ అయస్కాంతం వల్ల సన్నగా టిక్కు టిక్కుమని తెలియడం మామూలే. ఒకచోట తేలిక, ఒకచోట బిగుతు ఉంటే తప్పు మెకానికల్‌దే. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకేలా తేలిగ్గా తిరిగితే 9వ భాగానికి వెళ్లండి.

ప్లగ్ పరీక్ష: చాలామంది వదిలేసేది ఇదే. చేత్తో తిప్పినప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున గట్టిగా ఉంటే, కరెంటు తీసే ఉంచి ఆ మోటార్ ప్లగ్ ఊడదీసి మళ్లీ తిప్పండి. ఇప్పుడు తేలికైపోయిందా? అయితే యాక్సిస్‌లో ఏ లోపమూ లేదు. డ్రైవర్ లోపల షార్ట్ అయింది. మోటార్ కాయిల్ (లోపలి తీగచుట్ట) కొసలు రెండూ కలిసిపోతే షాఫ్టు తనంతట తానే బ్రేకు వేసినట్టు బిగుసుకుంటుంది. ప్లగ్ తీసినా బిగుతు పోకపోతే, మోటార్ దగ్గరి వైర్లు నలిగి ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూసి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

ఇంకో చిన్న విషయం. వైర్ల కట్ట ఫ్రేములో ఇరుక్కోవడం, వ్యాక్యూమ్ గొట్టం క్యారేజీని వెనక్కి లాగడం, చెక్కని పట్టే క్లాంపుకి స్పిండిల్ తగలడం కూడా సరిగ్గా పట్టేసినట్టే ఉంటాయి. మిషన్ అంతా విప్పేశాక ఇది బయటపడితే నవ్వు రాదు. ముందే చూసుకోండి.

3. బిగుతు ఎక్కడ వస్తోందో రాసుకోండి

యాక్సిస్ పొడవునా ఫ్రేముకి కాగితం టేపు అంటించండి. స్క్రూ తిప్పుతూ బిగుతు వచ్చిన ప్రతిచోటా గీత పెట్టండి. రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పి, గీతలు అదే చోట పడుతున్నాయో లేదో చూడండి. చాలావరకు కారణం ఆ టేపు మీదే కనిపిస్తుంది.

- ఒక్క చివరకి వెళ్తేనే బిగుతు: లీడ్ స్క్రూ ఆ చివర రాడ్లకి సమాంతరంగా లేదు, లేదా రాడ్లు ఆ చివర దగ్గరవుతున్నాయి.
- స్క్రూ ప్రతి చుట్టుకీ ఒకసారి బిగుతు: స్క్రూ వంగింది, లేదా కప్లింగ్ వంకరగా పట్టుకుంది.
- మొత్తం పొడవునా ఒకే బిగుతు: నట్టు స్ప్రింగ్ ఎక్కువగా నొక్కుతోంది, గ్రీజు ఎండిపోయింది, లేదా బేరింగ్ బిగించేశారు.
- చోటు మారుతూ, గరగరమంటూ బిగుతు: పొట్టు, తుప్పు, లేదా లీనియర్ బేరింగ్‌లో (రాడ్డు మీద జారే గొట్టంలో) బంతులు పాడయ్యాయి.
- మధ్యలోనే బిగుతు: రాడ్లు మధ్యలో వంగాయి, లేదా కింద అడ్డబద్ద ఫ్రేముని లాగుతోంది.

ప్రతి చుట్టుకీ అన్నాను కాబట్టి మీ స్క్రూ ఒక చుట్టుకి ఎంత దూరం జరుపుతుందో తెలియాలి. టీ8 స్క్రూల్లో చుట్టుకి 2 మి.మీ., 4 మి.మీ., 8 మి.మీ. జరిపేవి ఉన్నాయి. పైకి మూడూ ఒకలాగే కనిపిస్తాయి. కప్లింగ్ మీద గుర్తు పెట్టి సరిగ్గా పది చుట్లు తిప్పి, క్యారేజీ జరిగిన దూరాన్ని పదితో భాగించండి. గీతలు ప్రతి 8 మి.మీ.కి ఒకటి పడుతూ స్క్రూ కూడా 8 మి.మీ. రకమే అయితే అనుమానం స్క్రూ మీదే.

4. కడగండి, ఆ తర్వాతే విప్పండి

ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) పొట్టు గ్రీజుతో కలిస్తే ముద్దలా గట్టిపడుతుంది. నట్టు లోపలి మరల్లో ఆ ముద్ద చేరితే ఎంత అమరిక సరిచేసినా పట్టు వదలదు.

లీడ్ స్క్రూ పొడవునా టూత్‌బ్రష్‌కి ఆల్కహాల్ తడిపి తోమండి. తోమేటప్పుడు స్క్రూని మెల్లగా తిప్పుతుంటే నట్టు లోపలి మురికి కూడా బయటికి వస్తుంది. గుడ్డతో తుడిచి, క్యారేజీని ఆ చివరికీ ఈ చివరికీ నడిపి, మళ్లీ తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. ఎండీఎఫ్ పొట్టు ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి.

రాడ్ల మీద గోధుమరంగు చుక్కలు ఉంటే 1000 నంబరు లేదా అంతకన్నా నున్నటి ఎమ్రీ కాగితానికి నూనె రాసి పొడవునా తేలిగ్గా రుద్దండి. గోరు ఆనించి లాగితే గుంట తగులుతుంటే ఆ రాడ్డు ఇక మార్చాల్సిందే. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి ఈ చుక్కల్ని త్వరగా తెస్తుంది.

రాడ్లకి కుట్టు మిషన్ నూనె పల్చగా. ఇత్తడి నట్టు ఉన్న స్క్రూకి లిథియం గ్రీజు, అదీ పల్చగా. తుప్పు వదిలించే స్ప్రేలు తుడవడానికే, నూనె బదులు వాడేవి కావు. కొబ్బరినూనె అసలు వద్దు, అది జిగురుగా మారుతుంది.

కడిగాక చేతి పరీక్ష మళ్లీ చేయండి. బిగుతు పోతే ఇక్కడితో ఆపేయండి. బాగున్నదాన్ని విప్పడం తెలివైన పని కాదు.

5. ఫ్రేము మెలిక, మూలలు

ఫ్రేముని గ్రానైట్ మీద పెట్టి నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా నొక్కండి. ఒక మూల టకటకలాడితే ఫ్రేము మెలిక తిరిగింది. అంత పెద్ద గ్రానైట్ లేకపోతే దారం పరీక్ష చాలు. ఎదురెదురు మూలల మధ్య రెండు దారాలు బిగుతుగా కట్టండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఉండాలి. వాటి మధ్య ఖాళీ కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా మెలిక ఉన్నట్టే.

సరిచేయడానికి మూల బ్రాకెట్ బోల్టులన్నీ అర చుట్టు వదులు చేయండి. ఫ్రేముని గ్రానైట్ మీద దానంతట అది కూర్చోనిచ్చి, అలాగే నొక్కి పట్టుకుని బిగించండి. ఎదురెదురు బోల్టులు మార్చిమార్చి, రెండు విడతల్లో బిగించాలి.

మూలలకి తాపీమేస్త్రీలు వాడే లెక్కే: ఒక వైపు 300, రెండో వైపు 400 మి.మీ. కొలిచి గుర్తు పెడితే వాటి మధ్య 500 మి.మీ. రావాలి. లేదా రెండు కర్ణాలూ కొలవండి, సమానంగా ఉండాలి.

అడుగున వేసే ఎండీఎఫ్ పలక మీద నాకు ప్రత్యేకంగా అనుమానం ఉంటుంది. వానాకాలంలో ఇంటి తలుపు పట్టేసినట్టే ఈ పలకా తేమ పీల్చి ఉబ్బుతుంది. దాన్ని ఫ్రేముకి నలుమూలలా స్క్రూలతో బిగించేస్తే, ఉబ్బినప్పుడు ఫ్రేముని కూడా లాగేస్తుంది. పలక విప్పి పక్కన పెట్టి చేతి పరీక్ష చేయండి. తేలికైతే దోషి అదే. పలక రంధ్రాల్ని ఒక వైపు పొడుగ్గా చేసి, జరగడానికి చోటిచ్చి బిగించండి. అంచులతో సహా రెండు వైపులా వార్నిష్ వేయండి.

6. రాడ్లు, బేరింగులు, రైళ్లు

నట్టుని క్యారేజీ నుంచి విడదీసేయండి. ఇప్పుడు క్యారేజీ రాడ్ల మీద ఒంటరిగా ఉంది. చేతి తూకాన్ని క్యారేజీకి తగిలించి, నిలకడగా లాగుతూ అంకె చూడండి. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, పొడవునా ఒకేలా ఉందా అన్నదే చూడాలి. ఒకచోట రెట్టింపవుతుంటే రాడ్ల అమరికలో తేడా ఉంది. ఒకేలా ఉంటే రాడ్ల జోలికి పోవద్దు, నేరుగా 7వ భాగానికి వెళ్లండి.

రాడ్ల మధ్య దూరం కొలిచేటప్పుడు వాటి బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి, వెర్నియర్ నిలకడగా కూర్చుంటుంది. రెండు చివరలా, మధ్యలోనూ కొలవండి.

అమర్చే వరస ఇది:

- ఒక రాడ్డుని పూర్తిగా బిగించండి. అదే మన ఆధారం.
- రెండో రాడ్డు రెండు చివరలా వదులుగా ఉంచండి.
- క్యారేజీని ఒక చివరికి పూర్తిగా తోసి, ఆ చివర రెండో రాడ్డుని బిగించండి.
- క్యారేజీని అవతలి చివరికి తోసి, అక్కడ బిగించండి.
- మధ్యకి తెచ్చి తూకంతో మళ్లీ లాగి చూడండి.

క్యారేజీ ఏ చివర ఉంటే ఆ చివరే బిగించాలి. మధ్యలో పెట్టి రెండు చివరలూ బిగిస్తే మధ్యలో మాత్రమే బాగుంటుంది.

రాడ్ల దూరం సరిగ్గా ఉన్నా బరువుగా కదులుతుంటే బేరింగ్ బ్లాకులు చూడండి. ఎల్‌ఎం10యూయూ బేరింగ్‌ని (10 మి.మీ. రాడ్డుకి వేసే లీనియర్ బేరింగ్‌ని) పట్టే బ్లాకు స్క్రూ ఎక్కువ బిగిస్తే బేరింగ్ గొట్టం నొక్కుకుపోయి లోపలి బంతులు తిరగవు. ఆ స్క్రూని పావు చుట్టు వదిలితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. ఎస్‌బీఆర్ బ్లాకులకి (పొడవునా కింద ఆధారం ఉన్న రాడ్ల మీద జారేవాటికి) పక్కన ఉండే చిన్న సర్దుబాటు స్క్రూ కూడా ఇంతే.

రైళ్లున్న పెద్ద మిషన్‌లో కూడా ఒక రైలుని ఆధారంగా తీసుకోండి. రైలు బోల్టుల్ని మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకి బిగించుకుంటూ వెళ్లండి. బ్లాకుని మాత్రం రైలు చివర నుంచి బయటికి లాగకండి, బంతులు గదంతా దొర్లుతాయి. లాగక తప్పకపోతే దానితో వచ్చిన ప్లాస్టిక్ రైలు ముక్క మీదికి నేరుగా జరపండి.

7. లీడ్ స్క్రూ: అసలు పని ఇక్కడే

లీడ్ స్క్రూ నాలుగు చోట్ల పట్టుబడి ఉంటుంది: మోటార్, కప్లింగ్, నట్టు, చివరి బేరింగ్. ఈ నాలుగూ ఒకే గీతలో లేకపోతే స్క్రూని తలా ఒక వైపు లాగుతాయి. పట్టేయడం అంటే ఎక్కువసార్లు ఇదే.

ముందు స్క్రూ నిటారుగా ఉందో లేదో చూడండి. బయటికి తీసి గ్రానైట్ మీద మెల్లగా దొర్లించండి. కింద నుంచి వచ్చే వెలుతురు ఒకేలా ఉండాలి. తిరిగేకొద్దీ మధ్యలో లేచి దిగుతుంటే వంగినట్టే. లేత్ షాపులో నిటారు చేయించవచ్చు గానీ, టీ8 స్క్రూ ఖరీదుకి ఆ శ్రమ నాకు దండగనిపిస్తుంది. కొత్తది వేయండి. బాల్ స్క్రూ అయితే నట్టుని స్క్రూ చివర నుంచి ఎప్పుడూ ఊడదీయొద్దు. లోపలి బంతులు రాలిపోతే మళ్లీ పేర్చడం ఇంట్లో అయ్యే పని కాదు.

తర్వాత నట్టు. స్ప్రింగ్ ఉన్న జంట నట్టు అయితే స్ప్రింగ్ పూర్తిగా అణిగిపోకూడదు. వెనకాముందు ఆట (వదులు) అసలు ఉండకూడదని చాలామంది స్ప్రింగ్‌ని చివరిదాకా నొక్కేస్తారు. పేరు పలకలూ పూజ మందిరాల జాలీలూ కోసే మిషన్‌లో 0.05 నుంచి 0.1 మి.మీ. ఆట ఉన్నా ఎవరికీ కనపడదు. పట్టేసి డిజైన్ 3 మి.మీ. పక్కకి జరిగితే మాత్రం పలక మొత్తం పోతుంది.

ఇక అమరిక. వరస తప్పొద్దు.

మొదట అన్నీ వదులు చేయండి: నట్టుని క్యారేజీకి పట్టే బోల్టులు, మోటార్ నాలుగు బోల్టులు, చివరి బేరింగ్ బ్లాకు, కప్లింగ్‌లో లీడ్ స్క్రూ వైపు స్క్రూలు. ఊడదీయొద్దు, చేత్తో కదిపితే కదిలేంత వదులు చాలు.

క్యారేజీని మోటార్ దగ్గరికి తెండి. ఇక్కడ నట్టు దానికి నచ్చిన చోట కూర్చుంటుంది. వేలితో కదిపి, ఏ వైపూ బలవంతం లేదని తెలిశాక నట్టు బోల్టుల్ని ఎదురెదురుగా బిగించండి. తర్వాత మోటార్ బోల్టులు.

స్క్రూని చేత్తో తిప్పుతూ క్యారేజీని అవతలి చివరికి తీసుకెళ్లండి. చివరి బేరింగ్ బ్లాకుని అక్కడే బిగించండి. మొదట చెప్పిన సూత్రమే: క్యారేజీ ఏ చివర ఉంటే ఆ చివరే.

మళ్లీ మోటార్ దగ్గరికి రండి. అక్కడ మళ్లీ బిగుతు వస్తే నట్టు బోల్టులు ఒకసారి వదిలి, మళ్లీ కూర్చోనిచ్చి బిగించండి.

చిట్టచివర కప్లింగ్. లోపల మోటార్ షాఫ్టు కొసా, లీడ్ స్క్రూ కొసా ఒకదాన్నొకటి గుద్దుకోకుండా మధ్యలో సన్నని ఖాళీ వదలండి. చుట్టలా కోసిన అల్యూమినియం కప్లింగ్ అయితే నొక్కుకుపోయీ ఉండకూడదు, సాగిపోయీ ఉండకూడదు. మోటార్ షాఫ్టు మీద చదునుగా చెక్కిన వైపు ఉంటే స్క్రూ సరిగ్గా దాని మీదే దిగాలి.

వదులు చేసినా నట్టు కదలనంత బిగుతుగా రంధ్రాలు ఉంటే రెండు దారులు. నట్టు రంధ్రాల్ని అర మి.మీ. పెద్దవి చేయండి. ఎత్తులో తేడా ఉంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి బ్లాకు కింద పెట్టండి. ఆ రేకు మందం దాదాపు 0.1 మి.మీ., ఒక్కో పొరా వేస్తూ చూడవచ్చు. అంచులు చేతులు కోస్తాయి, జాగ్రత్త.

చివర ఉన్న 608 బేరింగ్ వేలితో తిప్పితే గరగరమంటే మార్చేయండి. లోపల 8, బయట 22, మందం 7 మి.మీ. బేరింగులు అమ్మే ఏ షాపులోనైనా నంబరు చెబితే ఇస్తారు.

8. మిషన్‌ని బట్టి మారే చోట్లు

రెండు మోటార్లతో నడిచే గ్యాంట్రీ (స్పిండిల్‌ని మోసే అడ్డ వంతెన): ఒక వైపు ముందుకెళ్లి రెండో వైపు వెనకబడితే గ్యాంట్రీ ఏటవాలుగా నిలబడి పట్టేస్తుంది. ఒకే పొడవుకి కోసిన రెండు చెక్కముక్కల్ని చివర రెండు వైపులా పెట్టి, కరెంటు లేనప్పుడు గ్యాంట్రీని వాటికి ఆనించండి. ఒక వైపు కప్లింగ్ వదిలి రెండు ముక్కలకీ సమంగా తగిలాక బిగించండి. కొత్తగా అమర్చిన మిషన్‌లో గ్యాంట్రీ కదలకుండా మెలితిరుగుతూ మూలిగితే రెండు మోటార్లూ ఎదురెదురుగా తిరుగుతున్నాయి. కరెంటు తీసి, ఒక మోటార్‌లో ఒక కాయిల్ జత వైర్లు తారుమారు చేయండి. రెండు మోటార్లూ ఒకే డ్రైవర్‌కి సమాంతరంగా కలిపి ఉంటే కరెంటు చెరిసగం పంచుకుంటాయని గుర్తుంచుకోండి. బలం చాలకపోవడానికి అదీ కారణమే.

జెడ్ యాక్సిస్ (పైకీ కిందికీ కదిలేది): ముందుగా స్పిండిల్‌ని పట్టే పట్టీ వదులు చేసి స్క్రూ తిప్పి చూడండి. ప్లాస్టిక్ క్యారేజీల్లో పట్టీ ఎక్కువ బిగిస్తే క్యారేజీ వంగి రాడ్లని పట్టేస్తుంది. కిందికి తేలిగ్గా దిగుతూ పైకి మాత్రం లేవలేకపోతుంటే అది స్పిండిల్ బరువు. అక్కడ వేగం, యాక్సిలరేషన్ తగ్గించండి.

చక్రాల మిషన్: చక్రాన్ని వేళ్లతో పట్టుకుని తిప్పితే కొంచెం ప్రయాసతో జారాలి. అసలు జారకపోతే సర్దుబాటు నట్టు ఎక్కువ బిగించారు. ఈ చక్రాలకి నూనె రాయొద్దు. పాలీకార్బొనేట్ చక్రాల దగ్గర మర పట్టే జిగురు వాడొద్దు, చక్రం పగులుతుంది.

9. చేత్తో తేలిక, కరెంటుతో బిగుతు

ఇప్పుడు కరెంటు వైపు వచ్చాం.

ముందు సెట్టింగులు. మోటార్ చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కో స్టెప్పునీ 16 మైక్రోస్టెప్పులుగా విడగొడుతుంది అనుకుంటే మొత్తం 3200. దాన్ని స్క్రూ ఒక చుట్టుకి జరిపే దూరంతో భాగించండి. 8 మి.మీ. స్క్రూకి 400, 4 మి.మీ. స్క్రూకి 800, 2 మి.మీ. స్క్రూకి 1600 వస్తుంది. జీఆర్‌బీఎల్‌లో $100, $101, $102 సెట్టింగుల్లో (మి.మీ.కి ఎన్ని స్టెప్పులో చెప్పేవి) ఉండాల్సిన అంకె ఇదే. స్క్రూ మార్చి ఈ అంకె మార్చకపోతే మిషన్ మీరు అడిగినదానికన్నా వేగంగా పరిగెత్తి ఆగిపోవచ్చు.

తర్వాత ఆ యాక్సిస్‌కి గరిష్ఠ వేగం ($110 నుంచి $112), యాక్సిలరేషన్, అంటే వేగం పుంజుకునే తీరు ($120 నుంచి $122), రెండూ సగానికి తగ్గించి చూడండి. పాత అంకెలు కాగితం మీద రాసుకోండి. సమస్య పోతే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రండి. ఏదో ఒక్క వేగం దగ్గరే గరగరమని ఆగి, దాని కిందా పైనా బాగుంటే అది కంపనం వల్ల వచ్చే ఇబ్బంది. ఆ వేగం వదిలేయండి, అంతే.

మోటార్ అసలు తిరగకుండా అటూ ఇటూ జిగజిగలాడితే ఒక కాయిల్‌కి కరెంటు అందడం లేదు. కరెంటు తీసి, ప్లగ్ ఊడదీసి, మల్టీమీటర్‌తో కొలవండి. ఒకే కాయిల్ రెండు కొసల మధ్య కొద్ది ఓములు రావాలి, రెండు కాయిల్స్ మధ్య ఏమీ రాకూడదు. వైరుని కదుపుతూ కొలిస్తే లోపల తెగిన చోటు బయటపడుతుంది.

చివరగా డ్రైవర్ కరెంటు. మోటార్ మీద రాసిన కరెంటులో 70 నుంచి 80 శాతం దగ్గర పెట్టడం నాకు నమ్మకమైన లెక్క. ఏ4988 డ్రైవర్ మీద రెసిస్టర్ 0.1 ఓము అయితే 1 ఆంపియర్‌కి రిఫరెన్స్ వోల్టేజి (డ్రైవర్ మీది చిన్న స్క్రూ తిప్పి పెట్టేది) 0.8 వోల్టులు, 0.05 ఓము అయితే 0.4 వోల్టులు. మామూలు డీఆర్‌వీ8825 బోర్డు మీద ఆంపియర్‌కి 0.5 వోల్టులు. టీబీ6600 అయితే మూత మీద అచ్చువేసిన పట్టిక చూసి స్విచ్‌లు మార్చండి, అదీ కరెంటు తీసేశాకే.

మొదటి గంట బాగా నడిచి తర్వాత స్టెప్పులు వదిలేస్తుంటే డ్రైవర్ వేడెక్కి తనంతట తాను ఆగుతోంది. మే నెలలో విజయనగరంలో గదిలోనే సెగ ఉంటుంది, బోర్డుకి ఫ్యాను తప్పనిసరి. స్పిండిల్‌తో పాటు అన్ని యాక్సిస్‌లూ కదులుతుండగా ఎస్‌ఎంపీఎస్ (మిషన్‌కి కరెంటు సప్లై ఇచ్చే పెట్టె) దగ్గర వోల్టేజి చూడండి. 24 వోల్టులది ఆ సమయంలో బాగా పడిపోతుంటే సప్లై చాలడం లేదు.

10. కోసేటప్పుడు మాత్రమే ఆగితే

గాలిలో బాగా తిరిగి చెక్కలో దిగితేనే ఆగితే యాక్సిస్‌ని అనుమానించొద్దు. కొత్త బిట్ వేయండి, ఒక్కసారి కోసే లోతు సగం చేయండి, గాడిలో పేరుకుంటున్న పొట్టు లాగేయండి. బొబ్బిలి వీణలకి వాడే పనస లాంటి గట్టి కర్రకి ఎండీఎఫ్ లెక్కలు పనికిరావు. యాక్రిలిక్ అయితే కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది, అక్కడ స్పిండిల్ వేగం తగ్గించి ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) పెంచాలి.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు

- రెండు మూడు మార్పులు ఒకేసారి చేయడం. ఏది పనిచేసిందో ఇక తెలియదు.
- బోల్టులన్నీ గట్టిగా బిగిస్తే మిషన్ గట్టిగా ఉంటుందనుకోవడం. వంకరగా బిగించిన మిషన్ వంకరగానే గట్టిపడుతుంది.
- కప్లింగ్‌ని ముందు బిగించి మిగతావి దాని వెనక బిగించడం.
- పట్టేస్తున్నచోట గ్రీజు కుక్కడం. ఆ గ్రీజుకి పొట్టంతా అంటుకుంటుంది.
- బంతి తల ఉన్న అలెన్ కీతో చివరి బిగింపు చేయడం. బోల్టు తల అరిగిపోయి తర్వాత విప్పడమే పనవుతుంది.

12. మళ్లీ నడిపే పరీక్ష, వానాకాలపు పని

బిట్ లేకుండా, స్పిండిల్ ఆపి ఉంచి:

- ప్రతి యాక్సిస్‌నీ నిమిషానికి 500 మి.మీ. వేగంతో పూర్తి పొడవు అటూ ఇటూ నడపండి. తర్వాత 1000తో.
- స్పిండిల్‌లో బిట్ బదులు పెన్సిల్ ముక్క పెట్టి కాగితం మీద సున్నా దగ్గర చుక్క పెట్టించండి.
- అరగంట నడిచే ప్రోగ్రాం పెన్సిల్‌ని కాగితానికి పైన ఉంచి నడిపి, మళ్లీ సున్నాకి రప్పించి రెండో చుక్క పెట్టించండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి.
- కప్లింగుల మీద మార్కర్ గీతలు చూడండి. వాటిని చెరపకండి, వచ్చేసారి పనికొస్తాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పలాస వైపు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు రాలేదు. అన్ని రోజులు కదలకుండా తేమలో ఉన్న మిషన్‌లో బేరింగ్ ఆనిన చోటే రాడ్డు తుప్పు పడుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు గోడ ప్లగ్ తీసేసి, రాడ్లకీ స్క్రూకీ నూనె పట్టించి, గుడ్డ కప్పి, లోపల సిలికా జెల్ సంచులు పెట్టండి. పైన పాలిథిన్ షీటు బిగుతుగా చుట్టొద్దు, లోపలే నీరు పడుతుంది. కరెంటు లేకపోయినా రెండు మూడు రోజులకోసారి స్క్రూని చేత్తో తిప్పి క్యారేజీని చోటు మార్చండి. కరెంటు వచ్చాక కూడా ముందు గుడ్డతో తుడిచి, చేతి పరీక్ష చేసి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి.